ఆర్50, డీ3500 రెండూ వాడుతున్న మనిషిగా నా మాట

ఫోటో క్వాలిటీ ఒక్కటే చూసి ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను బొమ్మా బొరుసూ వేసేస్తాను. నికాన్ డీ3500 లోపల అద్దం ఉండే పాత రకం డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, కెనాన్ ఈఓఎస్ ఆర్50 ఆ అద్దం లేని మిర్రర్‌లెస్. రెండింట్లోనూ ఉన్నది 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్‌సీ సెన్సరే (వెలుగును ఫోటోగా మార్చే చిప్ సెన్సర్, ఏపీఎస్‌సీ దాని సైజు పేరు). ఒకే చోట, ఒకే వెలుతురులో, ఒకే ఎఫ్ నంబరుతో (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) రెండింటితోనూ తీసి, పేర్లు దాచి మా స్టాఫ్ రూమ్‌లో చూపించాను. ఏది దేనిదో ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. నీడల్ని సాఫ్ట్‌వేర్‌లో పైకి లాగి, 100 శాతం జూమ్ చేసి వెతికితే ఏదో ఒకటి దొరకొచ్చు. అంత వెతికితే గానీ దొరకని తేడా కోసం కెమెరా మార్చక్కర్లేదు.

తేడా అంతా ఆ ఫోటో చేతికొచ్చే దారిలో ఉంది. నేను బళ్లో ఫిజిక్స్ చెబుతాను. ఆటల పోటీలు, సైన్స్ ఎగ్జిబిషన్, స్టేజీ కార్యక్రమం, ఏది జరిగినా కెమెరా నా మెడలోనే పడుతుంది. ఇంట్లో ఉంటే కిటికీ పక్కన కూర్చుని పిట్టల కోసం కాచుకోవడం నా పిచ్చి. పైగా ఫోటోగ్రఫీ క్లబ్బు పిల్లల చేతుల్లో రెండు కెమెరాలూ నలుగుతుంటాయి కాబట్టి, కొత్తవాళ్లు ఎక్కడ తడబడతారో రోజూ చూస్తూనే ఉంటాను.

డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్స్ వెనక 45 డిగ్రీల వాలులో ఒక అద్దం ఉంటుంది. లెన్స్ నుంచి వచ్చే వెలుగును అది పైకి మళ్లిస్తుంది. పైనున్న అద్దాలు ఆ బొమ్మను తిన్నగా చేసి కంటికి అందిస్తాయి. బటన్ నొక్కితే అద్దం లేస్తుంది, సెన్సర్ ముందున్న తెర, అంటే షట్టర్, తెరుచుకుంటుంది, అప్పుడు గానీ సెన్సర్‌కు వెలుగు తగలదు. ఆ 'టప్' చప్పుడులో ఎక్కువ వాటా అద్దానిదే. మిర్రర్‌లెస్‌లో ఈ ఏర్పాటంతా తీసేశారు. సెన్సర్ ఎప్పుడూ వెలుగును చూస్తూనే ఉంటుంది, తను చూస్తున్నదాన్ని కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లోని చిన్న స్క్రీన్ మీద చూపిస్తూ ఉంటుంది.

అంటే డీ3500లో కన్ను పెడితే ఎదురుగా ఉన్న దృశ్యం కనిపిస్తుంది. ఆర్50లో కన్ను పెడితే రాబోయే ఫోటో కనిపిస్తుంది. కిటికీకి వీపు పెట్టి నిలబడ్డ మనిషిని తీసుకురమ్మని క్లబ్బు పిల్లలకు పని ఇస్తుంటాను. డీ3500 అందినవాళ్లు ఒకటి తీస్తారు, స్క్రీన్ చూస్తారు, ముఖం నల్లగా వచ్చిందని గుర్తిస్తారు, ఎక్స్‌పోజర్ (ఫోటోకి అందే వెలుగు) పెంచి మళ్లీ తీస్తారు. ఈసారి కిటికీ మొత్తం తెల్లబడిపోతుంది. ఆర్50 అందినవాళ్లు డయల్ తిప్పుతుంటే ముఖం వెలగడమూ, కిటికీ బయట చెట్టు మాయమైపోవడమూ వ్యూఫైండర్‌లోనే, ఒకేసారి జరుగుతాయి. "సార్, తీయకముందే ఫోటో కనబడిపోతోంది సార్!" అని తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి అరిచింది. మిర్రర్‌లెస్ గురించి నేను విన్న మంచి రివ్యూ అదే.

'డీఎస్‌ఎల్‌ఆర్ మీద నేర్చుకుంటేనే బేసిక్స్ వస్తాయి' అని పెద్దవాళ్లు చాలామంది అంటారు. నాకు ఇది మింగుడుపడదు. ల్యాబ్‌లో రెసిస్టెన్స్ మార్చగానే మీటర్ ముల్లు కదలాలి. పావుగంట తర్వాత రీడింగ్ చెబుతానంటే పిల్లాడికి రెండింటికీ సంబంధమే తెలీదు. ఎక్స్‌పోజర్ అయినా అంతే. డయల్‌కూ ఫలితానికీ మధ్య ఎంత తక్కువ సమయం ఉంటే అంత తొందరగా బుర్రకెక్కుతుంది.

అయితే ఆ చిన్న స్క్రీన్‌ని పూర్తిగా నమ్మకూడదు. వెలుగు, రంగు మాత్రమే అది నిజాయితీగా చెబుతుంది. షట్టర్ స్పీడు (షట్టర్ తెరిచి ఉండే సమయం) సెకనులో 1/15 వంతుకి పడిపోయినా వ్యూఫైండర్‌లో మనిషి చక్కగా, స్పష్టంగానే ఉంటాడు. ఫోటోలో మాత్రం చెయ్యి ఊపిన చోట పొగలా వస్తుంది. ఫ్లాష్ వేసినప్పుడు ఏం జరగబోతోందో కూడా అది ముందుగా చెప్పలేదు. మసక హాల్లో బొమ్మ గరుగ్గా, కాస్త వెనకబడి కదులుతుంది. అందుకే క్లబ్బులో నా మొదటి రూల్: బొమ్మ బాగుందని నొక్కేయొద్దు, కింద షట్టర్ స్పీడు ఎంతుందో చదివి నొక్కు. ఆర్50 బాడీలో సెన్సర్‌ని కదిపే స్టెబిలైజేషన్ లేదు. లెన్స్‌లో ఉన్నదే దిక్కు. అది మన చేతి వణుకును ఆపుతుంది, ఎదుటి పిల్లాడి గంతుల్ని ఆపలేదు.

పిట్టల దగ్గరికొస్తే నా మనసు ఇప్పటికీ డీ3500 వైపే మొగ్గుతుంది. దాని వ్యూఫైండర్ గొప్పదేమీ కాదు. పెంటామిర్రర్ (ప్రిజం బదులు అద్దాలు) కాబట్టి చిన్నగా, కొంచెం మసగ్గా ఉంటుంది, ఫ్రేమ్‌లో 95 శాతమే చూపిస్తుంది, అంచున ఉన్న కొమ్మ ఒకటి ఫోటోలోకి దూరాక గానీ తెలీదు. కానీ అందులో ఆలస్యం అనేది లేదు. కెమెరా ఆఫ్ చేసి ఉన్నా కనిపిస్తుంది. గంటసేపు కన్ను ఆనించి కూర్చున్నా బ్యాటరీకి పెద్దగా పని ఉండదు. పిట్ట రెక్క విప్పిన క్షణం విప్పిన క్షణంలోనే కంటికి అందుతుంది. ఆర్50ని అలా కాచుకుని పట్టుకుంటే, వాడకపోతున్నావు కదా అని నిద్రపోతుంది. నిద్రపోకుండా సెట్ చేస్తే బ్యాటరీ తాగేస్తుంది.

బ్యాటరీ లెక్కలు చూస్తే విషయం తేలిపోతుంది. కెమెరా కంపెనీల సంఘం సీఐపీఏ పరీక్ష పద్ధతి ప్రకారం డీ3500కు ఒక చార్జికి 1550 ఫోటోలు. ఆర్50కి వెనక స్క్రీన్ వాడితే 370, వ్యూఫైండర్ వాడితే 230 వరకూ. ఆ పరీక్షలో సగం ఫోటోలకు ఫ్లాష్ కూడా వేస్తారు కాబట్టి, వరసగా తీసుకుంటూ పోతే నిజంగా వచ్చేవి ఇంకా ఎక్కువే. కానీ రెండింటి మధ్య దూరం మాత్రం అలాగే ఉంటుంది. డీ3500 చార్జర్ ఎక్కడ పెట్టానో అప్పుడప్పుడు మర్చిపోతుంటాను, అంత అరుదుగా దానితో పని పడుతుంది. ఆర్50తో స్పోర్ట్స్ డేకి వెళ్తున్నానంటే జేబులో రెండో బ్యాటరీ ఉండాల్సిందే. పీడీ (యూఎస్‌బీ పవర్ డెలివరీ) సపోర్ట్ ఉన్న పవర్‌బ్యాంక్‌తో యూఎస్‌బీ-సీ ద్వారా చార్జ్ చేసుకోవచ్చన్నది కాస్త ఊరట.

ఆటోఫోకస్ విషయంలో మాత్రం రెండింటినీ పక్కపక్కన నిలబెట్టడమే అన్యాయం. డీ3500లో ఫోకస్ పాయింట్లు 11. అన్నీ ఫ్రేమ్ మధ్యలో గుంపుగా ఉంటాయి. అందులో అడ్డంగానూ నిలువుగానూ ఉన్న గీతల్ని రెండింటినీ పట్టగల క్రాస్ టైప్ పాయింట్ నడిమధ్యది ఒక్కటే. ఫ్రేమ్ అంచున ఉన్న ముఖాన్ని తీయాలంటే మధ్య పాయింట్‌తో ఫోకస్ పట్టి, బటన్ సగం నొక్కి ఉంచి, కెమెరా పక్కకి జరిపి తీయాలి. నిలబడ్డ మనిషికి ఇది చాలు. ఇండోర్ బాస్కెట్‌బాల్‌లో బుట్ట కిందకి దూసుకొచ్చే పిల్లాడు మనం కెమెరా జరిపేదాకా ఆగడు.

ఆర్50లో సెన్సర్ మీదే ఫోకస్ కొలత జరుగుతుంది, అదీ ఫ్రేమ్ దాదాపు అంతటా. మనిషి ముఖాన్ని, కంటిని, కుక్కనీ పిల్లినీ పిట్టనీ, కార్లూ బైకుల్నీ గుర్తుపట్టి వెంబడిస్తుంది. కళ్లజోడు పెట్టుకున్నా, ముఖం కాస్త పక్కకి తిరిగినా సాధారణంగా వదలదు. క్లబ్బులో ఎనిమిదో తరగతి వాడి చేతికిచ్చి కోర్టు పక్కన నిలబెడితే, వాడు తెచ్చిన ఫోటోల్లో ఫోకస్ సరిగ్గా కుదిరినవే ఎక్కువ ఉన్నాయి. డీ3500తో అదే ఆటలో అన్ని మంచి ఫ్రేములు రాబట్టాలంటే నేను కూడా కష్టపడాలి. అయితే గుంపులో మనకు కావాల్సిన ముఖం ఏదో కెమెరాకి ఎలా తెలుస్తుంది? తనకి నచ్చిన దాన్ని పట్టుకుంటుంది. స్క్రీన్ మీద వేలితో తాకి చెప్పాలి. జాయ్‌స్టిక్ లేదు కాబట్టి ఆ తాకడం ముందే అలవాటు చేసుకోవాలి.

దీంట్లో ఎవరూ పెద్దగా చెప్పని ఇంకో సంగతి ఉంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ కొలిచే సెన్సర్ వేరు, ఫోటో తీసే సెన్సర్ వేరు. పెద్ద అద్దం వెనకున్న చిన్న అద్దం వెలుగును కెమెరా అడుగుకి పంపితే అక్కడ కొలుస్తారు. ఆ దారి పొడవూ, సెన్సర్ దాకా ఉన్న దారి పొడవూ వెంట్రుకవాసి తేడా పడినా ఫోకస్ కాస్త ముందుకో వెనక్కో పడుతుంది. కంటి మీద ఫోకస్ పెడితే ముక్కు షార్ప్‌గా వస్తుందన్నమాట. ఎఫ్/5.6 దగ్గర ఇది కనబడదు, ఎఫ్/1.8 దగ్గర కనబడుతుంది. పెద్ద డీఎస్‌ఎల్‌ఆర్‌లలో దీన్ని సరిదిద్దే ఫైన్ ట్యూన్ సెట్టింగ్ ఉంటుంది. డీ3500లో లేదు. మిర్రర్‌లెస్‌లో తీసేదీ కొలిచేదీ ఒకే సెన్సర్ కాబట్టి ఈ బాధే పుట్టదు.

వేగం: డీ3500 సెకనుకి 5 ఫోటోలు, ఆర్50 సెకనుకి 12, పూర్తి ఎలక్ట్రానిక్ షట్టర్‌తో 15. వినడానికి బాగుంటుంది. రా ఫైళ్లు (సెన్సర్ ఇచ్చిన సమాచారమంతా దాచే పెద్ద ఫైళ్లు) తీస్తే ఏడు ఫ్రేములు దాటేసరికి ఆర్50 బఫర్ (ఫోటోలు కార్డులోకి వెళ్లేలోపు ఆగే మెమరీ) నిండి నెమ్మదిస్తుంది, అంటే అరసెకను దాటితే సంబరం అయిపోయినట్టే. ఆటలకి జేపెగ్ పెట్టుకోండి. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో చప్పుడే ఉండదు, ఉపన్యాసాల మధ్యలో నాకు చాలా ఉపయోగం. కానీ సెన్సర్‌ని పైనుంచి కిందికి వరసవరసగా చదువుతుంది కాబట్టి వేగంగా ఊపిన బ్యాడ్మింటన్ రాకెట్ వంగినట్టు వస్తుంది, కొన్ని ఎల్ఈడీ లైట్ల కింద చారలు పడతాయి.

బరువు గురించి షోరూముల్లో చెప్పే మాటల్ని కాస్త తగ్గించి వినండి. బ్యాటరీ, కార్డు వేసిన డీ3500 415 గ్రాములు, దానితో పాటు వచ్చే 18-55 ఎంఎం కిట్ లెన్స్ 205. ఆర్50 375 గ్రాములు, దాని 18-45 కిట్ లెన్స్ 130. మొత్తం మీద తేడా 115 గ్రాములు. డీ3500 గ్రిప్ లోతుగా ఉండి చేతిలో కుదురుగా కూర్చుంటుంది. ఆర్50 పట్టుకుంటే నా చిటికెన వేలికి చోటు దొరకదు. పిల్లల చేతులకు మాత్రం అదే సరిగ్గా సరిపోయింది.

వీడియో తీస్తారా? అయితే ఇక్కడితో చదవడం ఆపి ఆర్50 తీసుకోండి. 6కే నుంచి కుదించి ఇచ్చే 4కే, సెకనుకి 30 ఫ్రేములు, పక్కకి తెరుచుకుని తిరిగే టచ్ స్క్రీన్, మైక్ పెట్టుకునే రంధ్రం అన్నీ ఉన్నాయి. హెడ్‌ఫోన్ రంధ్రం లేదు. డీ3500లో వీడియో 1080 (ఫుల్ హెచ్‌డీ) వరకే, మైక్ రంధ్రం లేదు, స్క్రీన్ కదలదు, లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ చూస్తూ తీసేటప్పుడు) ఫోకస్ ముందుకీ వెనక్కీ తడుముకుంటూ వెళ్తుంది.

ఇక లెన్సులు. అసలు డబ్బు కూడబెట్టుకోవాల్సింది వీటి కోసమే. ఆర్50 కిట్ లెన్స్ చిన్నదిగా ఉండటానికి కారణం అది వెలుగు తక్కువ తీసుకుంటుంది: 18 ఎంఎం దగ్గర ఎఫ్/4.5, 45 దగ్గర ఎఫ్/6.3. డీ3500ది ఎఫ్/3.5 నుంచి 5.6. జూమ్ కూడా దానికే కొంచెం ఎక్కువ. ఫుల్ ఫ్రేమ్ (పాత 35 ఎంఎం ఫిల్మ్ సైజు సెన్సర్) లెక్కలో నికాన్‌ది సుమారు 27 నుంచి 82, కెనాన్‌ది 29 నుంచి 72. పగలు బయట ఇవేవీ పట్టించుకోనక్కర్లేదు. సాయంత్రం హాల్లోకి వెళ్లాక రెండు కిట్ లెన్సులూ చేతులెత్తేస్తాయి, ఆర్50ది కాస్త ముందుగా ఎత్తేస్తుంది.

ఇక్కడే పాత కెమెరా తిరగబడుతుంది. నికాన్ ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 ఎంఎం ఎఫ్/1.8 అని 2009లో వచ్చిన లెన్స్ ఒకటుంది. చాలామంది కొన్నారు, చాలామంది అమ్మేశారు, కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో తేలిగ్గా దొరికే రకం. ఎఫ్/6.3తో పోలిస్తే ఎఫ్/1.8 పన్నెండు రెట్లు వెలుగు ఇస్తుంది. అంటే ఒకే షట్టర్ స్పీడుకి కిట్ లెన్స్‌తో ఐఎస్‌ఓ (వెలుగు తక్కువైనప్పుడు పెంచే సెట్టింగ్, పెరిగేకొద్దీ ఫోటో గరుకవుతుంది) 6400 కావాల్సిన చోట దీనితో 500 చాలు. స్టేజీ మీద నిలబడి మాట్లాడుతున్న మనిషిని తీయాలంటే, కిట్ లెన్స్ పెట్టిన కొత్త ఆర్50 కన్నా ఈ లెన్స్ పెట్టిన పాత డీ3500 ఫోటోయే శుభ్రంగా ఉంటుంది. కొత్త టెక్నాలజీ అంతా కలిసినా వెలుగులో పన్నెండు రెట్ల తేడాని పూడ్చలేదు.

ఆర్50కీ ఎఫ్/1.8 లెన్సులు లేకపోలేదు. ఆర్ఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 తేలికైనదే, కానీ ఈ సెన్సర్ మీద అది 80లా పనిచేస్తుంది. పోర్ట్రెయిట్‌కి బాగుంటుంది, చిన్న గదిలో గోడకి ఆనుకోవాలి. చాలాకాలం ఆర్ఎఫ్ మౌంట్‌లో (ఆర్50కి లెన్స్ బిగించే అమరిక) ఏపీఎస్‌సీ వాళ్లకి మంచి లెన్సులు తక్కువ. 2024లో సిగ్మా, టామ్రాన్ ఈ మౌంట్‌కి ఆటోఫోకస్ లెన్సులు ప్రకటించాక ఊపిరి ఆడింది. సిగ్మా 18-50 ఎఫ్/2.8 ఆ కిట్ లెన్స్‌కి అసలైన ప్రత్యామ్నాయం. ఇంట్లో పాత కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సులు ఉంటే ఇంకా సుఖం. ఈఎఫ్-ఈఓఎస్ ఆర్ అడాప్టర్ పెడితే ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి.

డీ3500 కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. దాని బాడీలో ఫోకస్ మోటార్ లేదు. పేరులో ఏఎఫ్-ఎస్ లేదా ఏఎఫ్-పీ అని ఉన్న నికాన్ లెన్సులే ఆటోఫోకస్ అవుతాయి. పాత 50 ఎంఎం ఎఫ్/1.8 డీ చవగ్గా వస్తోందని తీసుకుంటే చేత్తో ఫోకస్ తిప్పుకోవాలి.

నికాన్ డీ3500ని ప్రకటించింది 2018 ఆగస్టు చివర్లో. అదే నెలలో, దానికి కొద్ది రోజుల ముందే నికాన్ తన జడ్ మిర్రర్‌లెస్ మౌంట్‌ని ప్రకటించింది. అంటే పుట్టిన నెలలోనే దానికి వారసుడు ఖాయమయ్యాడు. ఇప్పుడు దాని తయారీ ఆగిపోయింది. కొత్త డీఎస్‌ఎల్‌ఆర్‌ల మీద నికాన్, కెనాన్ ఇక దృష్టి పెట్టడం లేదు. పెంటాక్స్ ఒక్కటే ఆ దారిని పట్టుకుని ఉంది. అందుకని డీఎస్‌ఎల్‌ఆర్ అంటే నా లెక్కలో సెకండ్ హ్యాండ్ అనే అర్థం. కొత్త డబ్బాలో ఉన్న డీఎస్‌ఎల్‌ఆర్‌కి పూర్తి ధర పెట్టమని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

ఎవరికి ఏది అంటే, పరిగెత్తే పిల్లలు, పెంపుడు జంతువులు, వీడియో, వీటిలో ఏది మీ పనైనా ఆర్50. చేతిలో డబ్బు బిగువుగా ఉండి, కదలని ఫోటోలే ఎక్కువ తీస్తారంటే పాత డీ3500, పక్కన ఆ 35 ఎంఎం. మా బళ్లో పోటీలకి ఆర్50 వెళ్తోంది, డీ3500 నా కిటికీ దగ్గర 70-300 లెన్స్‌తో కూర్చుంది.

పాతది చూడ్డానికి వెళ్తే అక్కడే ఒక జేపెగ్ తీసి, ఎక్సిఫ్ (ఫోటో ఫైల్లో దాగి ఉండే వివరాలు) చూపించే యాప్‌లో తెరవండి. నికాన్ ఫైళ్లలో షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీశారన్న లెక్క) రాసి ఉంటుంది. అమ్మేవాళ్లు నోటితో చెప్పే అంకె కన్నా అది నమ్మదగ్గది. లెన్స్‌లోంచి ఫోన్ టార్చ్ వేసి సాలెగూడు లాంటి ఫంగస్ ఉందేమో చూడండి. తెల్ల గోడని ఎఫ్/16 దగ్గర తీస్తే సెన్సర్ మీది దుమ్ము బయటపడుతుంది. వ్యూఫైండర్‌లో కనిపించే మచ్చలకి భయపడకండి, అవి ఫోటోలో రావు. కొత్త ఆర్50 కొనేవాళ్లు ఇవేవీ చూడక్కర్లేదు గానీ, రెండో బ్యాటరీ కూడా అదే బిల్లులో వేయించుకోండి.